రూతు డిబ్బీ

శనివారం మధ్యాహ్నం ఫకీరు గురువుండే తకియా మెట్లెక్కుతున్న మీరావలికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. చంకలో డబ్బులు దాచుకునే ఒక మట్టి డిబ్బీ, చేతిలో చుట్టిన చార్టు.

బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు క్యాషియరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు శనివారాలు హైస్కూలుకు వెళ్ళి, పైసా తీసుకోకుండా, పదో తరగతి పిల్లలకు డబ్బు పాఠాలు చెబుతున్నాడు. ఖర్చు ఎలా రాసుకోవాలి, ఎంత దాచుకోవాలి, అధిక వడ్డీ ఆశ చూపేవాళ్ళను ఎందుకు నమ్మకూడదు. మంచి పాఠాలే, కాదనలేం.

తకియాలో సైదు తాత పాత పరుపు విప్పి దూది ఏకుతున్నాడు. పల్నాటిలో ఆ చుట్టుపక్కల పదూళ్ళకు ఆయన గురువు. పరుపులు కుట్టుకుని బతికే గురువు.

"తాతా, పిల్లలందరి చేతా డిబ్బీలు పెట్టించాను" అంటూ మీరావలి చార్టు పరిచాడు. "ఎవరెంత దాచారో వారం వారం దీని మీద రాసి గోడకు తగిలించాను. ఈ పిల్ల పేరు రూతు. ఆరు వారాలు వరసగా సున్నా! ఏడో వారం లేపి నిలబెట్టాను. 'రూపాయి కూడా మిగలని కొంప ఉంటుందా? ఉండాల్సింది బుద్ధి' అన్నాను. క్లాసంతా ఘొల్లున నవ్వింది. అంతే, ఆ పై వారం నుంచి ఎక్కడా ఆగలేదు. ఇవాళ అందరికన్నా పైనుంది."

తాత చార్టు వైపు చూడలేదు. "అందరూ నవ్వినప్పుడు ఆ పిల్ల ఏం చేసింది?"

"ఏం చేస్తుంది, తల దించుకుంది. మాట తగలాలి తాతా. తగిలితేనే మారతారు."

"పరీక్షలు దగ్గరకొచ్చినయ్యిగా. బాగా చదివిందా?"

మీరావలి మొహం కాస్త చిన్నబోయింది. "అదే తాతా. హాజరు చాల్లేదని హాల్ టికెట్ ఆపేశారంట. మిగతా రోజులు బడెగ్గొట్టి ఎక్కడ తిరిగిందో ఏమో. నా శనివారం క్లాసు మాత్రం ఒక్కటీ తప్పలేదు."

తిరిగిందట! ఆ మాటకు ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. తాత చేతిలో దూది ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"మీ చేత్తో డిబ్బీ పగలగొట్టి దీవించండి తాతా. సోమవారం ప్రైజుతో పాటు డబ్బు ఆ పిల్లకిస్తాను. తననే రమ్మన్నాను. పనుందని చెప్పి, గేటు దగ్గరే నా చేతిలో పెట్టేసి పరిగెత్తింది."

"తకియాకు తెచ్చింది తెచ్చినోడే విప్పాలి. తెలియదా నీకు?" అన్నాడు తాత. "విప్పు. లెక్క కూడా నువ్వే పెట్టు."

అది అక్కడి ఆచారం. బియ్యం మూటైనా చిరిగిన పరుపైనా, తెచ్చినవాడే ముడి విప్పి లోపల ఉన్నదేమిటో చూడాలి.

మీరావలి డిబ్బీని అరుగు అంచుకు కొట్టాడు. చుట్టలు చుట్టిన నోట్లు ఒళ్ళోకి జారాయి. బాసింపట్టు వేసుకుని, ముప్ఫయ్యేళ్ళ అలవాటు కొద్దీ బొటనవేలు నాలుకకు అద్దుకుని లెక్క మొదలుపెట్టాడు. పదులు ఒక పక్క, ఇరవైలు ఒక పక్క. మళ్ళీ తడి, మళ్ళీ నోట్లు. చకచకా ఆడుతున్న ఆ వేళ్ళు చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి.

ఇరవైలు పూర్తి కాకముందే నాలుక భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, అవే వేళ్ళతో కళ్ళు నులుముకున్నాడు. ఇక చెప్పాలా!

"అమ్మో, మంట! కారం తాతా! నోట్లనిండా కారం!"

"మిరప కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరిన చేతులు మరి" అన్నాడు తాత. "కూలి తీసుకుని, చెయ్యి కడుక్కుని వద్దామంటే నీ క్లాసుకు ఆలస్యమైపోద్ది."

మీరావలికి కళ్ళు తెరుచుకోవడం లేదు. తాత డిబ్బీ అడుగు పెంకులోంచి మొదట వేసిన నోటు ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఇదేంటో చూడు."

మీరావలి గుడ్డివాడిలా తడిమాడు. నోటు మడతల్లో మెత్తగా ఏదో వేలికి తగిలింది. "దూది" అన్నాడు.

"దసరా తర్వాత తీసిన పత్తి. అది ఎన్నో వారమో నీ చార్టులో ఉంటది."

చార్టు పక్కనే ఉంది. అది ఎనిమిదో వారమని గాని, ఏడో వారం ఏం జరిగిందో గాని దాన్ని చూసి తెలుసుకోవలసిన అవసరం మీరావలికి లేకపోయింది.

"నీళ్ళు తాతా" అంటూ కుండ ఉండే మూలకు చెయ్యి చాచాడు.

తాత లేచి వెళ్ళి, ఆ కుండను అతనికి అందనంత దూరం జరిపాడు.

"ఉండనియ్. ఈ మంటలో ఆ పిల్ల కూర్చున్నన్ని రోజులు నువ్వు కూర్చోలేవు. అసర్ అజా దాకా కూర్చో, చాలు."

సాయంత్రం నమాజుకు పిలిచే ఆ అజాకు ఇంకా గంట ఉంది. మీరావలి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.