తలకిందుల బిళ్ళ

అనగనగా అంటే ఊ కొట్టాలర్రా, లేకపోతే నా నోరు కూడా పడుకుంటుంది. ఇవాళ ఒళ్ళంతా పులిసిపోయింది. అనగనగా ఒక ఊళ్ళో పోలమ్మని ఒక కోడలు. మొగుడు గవరయ్య వంతెనలు కట్టే పనికి ఊరూరూ తిరిగేవాడు. అతనికి రాయడం రాదు, ఈమెకి చదవడం రాదు. అందుకని వెళ్ళేముందు ఒక మాట అనుకున్నారు. ఎవరిచేతనో పైన ఆమె పేరూ ఊరూ రాయించి ఖాళీ కవరు పంపుతానన్నాడు. తపాలా బిళ్ళ నిలువుగా అంటిస్తే బాగున్నట్టు, పక్కకి వాలిస్తే పని దొరకనట్టు, తలకిందులుగా అంటిస్తే జబ్బుపడ్డట్టు, వచ్చి తీసుకుపొమ్మన్నట్టు.

వచ్చిన కవరునల్లా పోలమ్మ తీగకి గుచ్చి దాచుకునేది. చాకిరీతో నడుం విరిగిన రోజున ఆ తీగ దించి, ఇది వానల్లో వచ్చింది, ఇది కొత్త మేస్త్రీ దగ్గర కుదిరినప్పటిది అని తడుముకునేది. అత్తేమో, "ఖాళీ కవర్లు, ఖాళీ బుర్ర" అని దెప్పేది. వింటున్నారా, నేనొక్కదాన్నే వాగుతున్నానా?

ఆ ఊరి రాజుకి బిళ్ళల పిచ్చి పట్టింది. పనీపాటా లేనివాడికి ఏదో ఒకటి పట్టాలిగా. ఎవరికొచ్చిన కవరైనా ముందు కోటకి రావాలన్నాడు. నీళ్ళల్లో నానేసి, బిళ్ళ ఊడదీసుకుని, తడి కవరు ఇంటికి పంపేవాడు. అలాగే ఒకనాడు గవరయ్య కవరొచ్చింది. బిళ్ళ లేదు. దాని చోటు పక్కన సగం తెగిన తపాలా ముద్ర ఉంది, అంతే. మనిషి బాగున్నాడో, పడున్నాడో ఎలా తెలుస్తుంది?

పోలమ్మ తపాలా ఆయన్ని అడిగితే తలారిని అడగమన్నాడు. తలారిని అడిగితే మంత్రిని అడగమన్నాడు. మంత్రిని అడిగితే రాజుని అడగమన్నాడు. రాజుని అడిగితే, బిళ్ళ మీద బొమ్మ నాది, బిళ్ళ నాది, పొమ్మన్నాడు.

పోలమ్మ కదల్లేదు. బొమ్మ మీదే, కబురు నాది అంది. ఎదురుగా వడియాల్లా బిళ్ళలు ఆరేసి ఉన్నాయి. కవరు పట్టుకుని ఒక్కొక్క బిళ్ళా ఆ ఖాళీలో పెట్టి చూసింది. ఇది కాదు, అదీ కాదు. ఒకదాని దగ్గర సిరా రంగు కలిసింది, గీత కలవలేదు. దాన్ని తిప్పి పెట్టింది.

రాజుకి ఒళ్ళు మండింది. "ఏమే, నా బొమ్మని తలకిందులు చేస్తావా?"

"మీ బొమ్మకేం బాబూ, జొరం రాదు," అంది.

గీతకి గీత కలిసి ముద్ర గుండ్రంగా అయింది. మొగుడికి జబ్బని పోలమ్మకి తెలిసింది, ఎక్కడో తెలీదు. రాజు పక్కనున్న గుమాస్తా వంగి ముద్ర చదివాడు. కవరు మీద గుమ్మల, బిళ్ళ మీద రేవు. గుమ్మలరేవు. రెండూ కలిస్తేనే ఊరు.

రాజు అప్పటికప్పుడు బండి కట్టించాడు. పోలమ్మ వెళ్ళేసరికి గవరయ్య వంతెన పక్క పాకలో ఎముకల గూడై ఉన్నాడు. గంజి పట్టి, బండిలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చుకుంది. అత్త ఇద్దరికీ దిష్టి తీసింది. ఆనాటినించి రాజు ఎవరి బిళ్ళా ఊడదియ్యలేదు. ఎవరైనా ఇష్టపడి ఇస్తే కవరంతా పుచ్చుకుని, ఇది పంపిందెవరు, ఎలా ఉన్నారు అని కూచోబెట్టి వినేవాడు.

ఒకరి కష్టం మన కంటికి ఖాళీగానే ఉంటుందర్రా. ఎవరిదీ అడక్కుండా పీక్కోకండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. నా వల్ల కాదింక.