ఏడవని కోడిపిల్లలు

కోళ్ల గురించి నాకు తెలిసిందల్లా కూర వరకే. అదీ మా ఆవిడ వండితేనే. అంచేత ఇది నా సొంత తెలివి కాదు, షెడ్డు వెనక గింజలేరుకునే నల్లపెట్ట చెబితే విన్నది.

ఆ షెడ్డులోకి బ్రాయిలర్ పిల్లలు దిగాయి. తల్లి మొహం ఎరగవు. మిషను పొదిగితే పుట్టాయి, తల్లి రెక్కల బదులు వెచ్చదనమిచ్చే గ్యాసు బ్రూడరు కింద ఊక మీద పెరుగుతున్నాయి. వాటిలో బొండాం అనేది అందరికన్నా పెద్దది. గింజ అనేది అందరికన్నా చిన్నది. కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట పెట్టిన చిట్టి గుడ్డులోంచి వచ్చింది, ఒంట్లో వేడి నిలవదు.

ఆసామి వీర్రాజు గోడకి థర్మామీటరు తగిలించాడు గాని చూడడు. "పిల్లలే నా థర్మామీటరు" అంటాడు. చలేస్తే అవి బ్రూడరు కింద గుంపుగా చేరి కీచుమంటాయి. ఉక్కపోస్తే దూరంగా పోయి నోళ్లు తెరుస్తాయి. హాయిగా ఉంటే తలా ఓ చోట పరుచుకుని నెమ్మదిగా ఉంటాయి.

ఈ సంగతి షెడ్డు వెనక బొరియలో ఉండే పందికొక్కుకీ తెలుసు. చచ్చిన పిల్లల్ని పారేసే గొయ్యే దాని వంటిల్లు మరి.

ముసురు పట్టిన రోజు అది గాలి రాకుండా షెడ్డు వెనక కట్టిన పరదా అంచు కొరికేసింది. చలిగాలి నేల మీదుగా దూరింది.

"అన్నా, చలేస్తోంది!" గింజ కీచుమంది. పిల్లలన్నీ బ్రూడరు వైపు పరిగెత్తాయి.

"ఆగండాగండి!" కొరికిన కంతలోంచి పందికొక్కు తల లోపలికి పెట్టింది. "ఏమిటా గోల? ఆసామి వింటే రోగమొచ్చిందనుకోడూ?"

"అనుకుంటే ఏమవుద్ది మావయ్యా?" అంది బొండాం.

"వెనక గొయ్యి ఎవరికోసం తవ్వాడనుకున్నావు? బుద్ధిగా తలా ఓ మూల కూర్చోండి. నోరెత్తకండి."

ఇనప జాలీ అవతల నల్లపెట్ట రెక్కలు కొట్టుకుంది. "వాడి మాట వినకండర్రా! గుంపుగా చేరండి, గొంతు చించుకుని ఏడవండి!"

"పెంట మీద తిరిగేదానికి షెడ్డు మర్యాదలేం తెలుసు?" పందికొక్కు నవ్వింది. "మీరు మిషను పిల్లలు, దానిలా నాటు రకమా?"

బొండాం ఛాతీ విరుచుకుంది. "మావయ్య చెప్పినట్టే కూర్చోండి."

అప్పుడే వీర్రాజు తలుపు తీశాడు. పిల్లలు సమానంగా పరుచుకుని, చడీచప్పుడూ లేకుండా ఉన్నాయి.

"భలే! ముసురులోనూ హాయిగానే ఉన్నాయి. కాస్త గ్యాసు ఆదా చేద్దాం," అని మంట తగ్గించాడు. బయట నల్లపెట్ట గీపెడుతుంటే చెప్పు విసిరాడు. "పోవే, పిల్లలు బెదురుతాయి!"

తలుపు మూసుకుంది.

"అన్నా, ఇప్పుడు ఏడవచ్చా?" అంది గింజ.

"ఇంకాసేపు ఓర్చుకో."

"కాళ్లు తెలీట్లేదన్నా."

"ఆసామి మెచ్చుకున్నాడుగా. నోర్ముయ్."

గింజ నోరు మూసుకుంది.

సాయంత్రం మేతతో వచ్చిన వీర్రాజు బకెట్టు జారవిడిచాడు. మూలమూలనా పిల్లలు కాళ్లు చాపేసి ఉన్నాయి. పరుగున వెళ్లి మంట పెంచాడు, పరదా కట్టాడు. చచ్చినవాటిని గంపలోకి ఏరుతూ, "ఒక్కటైనా అరవలేదేంటి!" అని తలబాదుకున్నాడు.

బొండాం గింజని ముక్కుతో పొడిచింది. "లేవే, ఇప్పుడు ఏడువు. ఎంత గట్టిగానైనా ఏడువు. నేనేమీ అనను."

వీర్రాజు చెయ్యి గింజనీ ఎత్తి గంపలో వేసింది. గొయ్యి దగ్గర పందికొక్కు అప్పటికే మూతి తుడుచుకుని కూర్చుంది.

ఇందులో నీతి అంటూ ఉంటే ఇదే: చలిలో నోరు మూసుకోమన్నవాడెవడూ దుప్పటి తెచ్చివ్వడు.