ఎద్దు లేచేదాకా పంక్తి

వేరుశెనగ కళ్లం ఎత్తేశాక నేలమీద మిగిలే కాయలు జంతువులవి. ఎద్దు ఓ పక్క తన మేత మేసేది. మేకా, పిల్లలకోడీ ఎక్కడి కాయలు అక్కడే ఏరుకు తినేవి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది లేనిచోటికి నక్క రాకుండా ఎలా ఉంటుంది?

వచ్చింది. వాళ్లని చూసి మూతి విరిచి, ఇది తినడం కాదు, మెక్కడం అంది. పూర్వం మొట్టమొదటి ప్రాణి ఒంటరిగా తింటుంటే పొలమారిందట. నెత్తిన తట్టే దిక్కులేక చచ్చిందట. పదిమందీ కలిసి తినే ఆచారం ఆనాడే పుట్టిందట. పంక్తిలో పెద్ద లేస్తే అందరూ లేవాలి. కథ చెప్పినవాడు ఆఖర్న తినాలి, ఆకుల్లో మిగిలిందంతా వాడిదే. ఇదీ శాస్త్రం అంది.

కలిసి తినడమనే మాట అందరికీ నచ్చింది. పంక్తికి పెద్దగా ఎద్దును కూచోబెట్టారు. నక్కకి కావలసిందీ అదే. ఎద్దు మేతని నమలకుండా మింగేసి లేచిపోవడం అది పొదచాటునుంచి చూసే వచ్చింది.

అందరూ మోదుగాకులు పరుచుకుని కాయలు వడ్డించుకున్నారు. ఎద్దు గబగబా మింగి లేచింది. కోడిపిల్లలింకా మొదటి కాయ పొట్టు దగ్గరే ఉన్నాయి. శాస్త్రం, శాస్త్రం అంటూ నక్క ఆకులన్నీ నాకేసింది. సాయంత్రం పిల్లల ఏడుపు విని, తనవల్లే పస్తున్నాయని ఎద్దుకి కడుపు తరుక్కుపోయింది.

మర్నాడు ఎద్దు మేత మింగింది గాని లేవలేదు. కాళ్లు మడుచుకుని, కళ్లు మూసుకుని, నెమరు మొదలుపెట్టింది. మేక తిని త్రేన్చింది. పిల్లలు ఒక్కో కాయా తీరిగ్గా పొడుచుకు తింటున్నాయి. నక్క అటూ ఇటూ కదిలింది.

"తిన్నారుగా పెద్దయ్యా, ఇంక లేవకూడదూ?"

"తినడమెక్కడ నాయనా, మింగానంతే. తినడం ఇప్పుడే మొదలైంది."

"ఇంకా ఎంతసేపు?"

"ఏం చెప్పను. నా కడుపులో నాలుగు గదులున్నాయి. ఇంకా మొదటి గదిలోదే నములుతున్నా."

ఆకలి రుచెరుగదంటారు. ఎరగడానికి అక్కడ పొట్టు తప్ప ఏమీ మిగిలేలా లేదు. అయినా తను పెట్టిన శాస్త్రం తనే దాటితే రేపు పంక్తిలోకి ఎవరు రానిస్తారు? ఆఖరి గింజని కోడిపిల్ల ముక్కున కరుచుకోవడం చూసి నక్కకి నోరూరింది. ఆ ఊరిన నీళ్లు మింగబోయి పొలమారింది.

కోడి ఎగిరొచ్చి నెత్తిమీద రెక్కతో తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు నక్కబావా," అంది. "నిన్న పస్తున్న మా పిల్లలేమో."

నీతి: పక్కవాడి ఆకుమీద కన్నేసి చెప్పిన శాస్త్రం చెప్పినవాడి కడుపే మాడుస్తుంది.