వెయ్యిన్ని తొమ్మిది మంది బంతి

ఏమర్రా, ఊళ్ళో మనుషులందర్నీ మింగే రాక్షసుణ్ణి ఒక లెక్క ఆపగలదా? నవ్వకండి, ముందు వినండి.

అనగనగా ఒక ఊళ్ళో ఓబులక్క ఉండేది. పెళ్ళైనా పేరంటమైనా భోజనాల బంతులు సర్దేది తనే. ఎంతమందిని ఎలా కూర్చోబెడితే వరసలు సమంగా వస్తాయో చూపుతోనే చెప్పేది.

ఒకరోజు ఊరి మీద రాక్షసుడు పడ్డాడు. అందరినీ తోలుకొచ్చి బయల్లో కూర్చోబెట్టాడు. వెయ్యిన్ని తొమ్మిది మంది! వాడికో ఒట్టుంది. బంతులన్నీ సమంగా కుదిరితేనే తినాలి. ఎలా వేసినా ఎవరో ఒకరు మిగిలిపోతుంటే అందరినీ వదిలేసి పోవాలి. మనిషికో బంతి వేయకూడదు, అందరికీ కలిపి ఒకే బంతీ వేయకూడదు.

అప్పుడు ఇద్దరేసి కూర్చోబెట్టాడు. ఒకరు మిగిలారు. ఆ తర్వాత ముగ్గురేసి. ఒకరు మిగిలారు. ఆ తర్వాత ఏడుగురేసి. మళ్ళీ ఒకరే! వాడు పళ్ళు నూరాడు.

ఆ లెక్క ఓబులక్కకి తెలుసు. ఎటు పంచినా విరగని మొండి లెక్క అది. అయినా ఆమె నిశ్చింతగా లేదు. పక్కనే చెల్లెలు లచ్చికి నొప్పులు మొదలయ్యాయి మరి.

"అక్కా, ఆగట్లేదే!"

"కాసేపు ఓర్చుకోవే తల్లీ. బిడ్డ ఇప్పుడే వస్తే వెయ్యిన్ని పదైపోతాం. ఇద్దరేసి చక్కగా సరిపోతాం."

బిడ్డలు లెక్కలు వింటారా? "ఒక్కరు పారిపోయినా ఊరికి నిప్పెడతా" అని బెదిరించి రాక్షసుడు ఏటికి నీళ్ళకి పోయాడో లేదో, బిడ్డ కేర్‌మంది.

ఓబులక్క లెక్కేసింది. ఇంకొకరిని తెస్తే? ముగ్గురేసి కుదిరిపోతారు. ఇద్దరిని తెస్తే? మళ్ళీ ఇద్దరేసి. ముగ్గురు కావాలి, అప్పుడు వెయ్యిన్ని పదమూడు, అదీ విరగని లెక్కే. ఊళ్ళో ఇంకెవరు మిగిలారు?

అప్పుడు గుర్తొచ్చింది. కాటి దగ్గర కాపురముండే ఎర్రమ్మ, ఆమె కొడుకు, కోడలు. ఏనాడూ వాళ్ళని బంతిలో కూర్చోబెట్టింది లేదు, ఊరి లెక్కలో కలిపింది లేదు. ఓబులక్క పరుగెత్తి వెళ్ళి సంగతంతా చెప్పింది.

"పెళ్ళికి పిలవని దానివి, చావుకి పిలవొచ్చావా ఓబులూ?" అంది ఎర్రమ్మ.

"అవును పెద్దమ్మా. మిమ్మల్ని వదిలేసి బంతులు సర్దింది నేనే. రానంటే ఒక్క మాట అనను."

ఎర్రమ్మ కదల్లేదు. కోడలే, "పసిగుడ్డు కూడా ఉందంట కదత్తా" అంటూ చెంగు బిగించింది.

ముగ్గురూ వచ్చి మధ్యలో కూర్చున్నారు. వాళ్ళ పక్కన కూర్చోలేక ఊరిపెద్ద లేవబోయాడు.

"లేస్తే లెక్క చెడి అందరం వాడి నోట్లోకే మామా!" అంది ఓబులక్క. ఆయన ఉన్నచోటే ఉండిపోయాడు.

రాక్షసుడొచ్చి, పసిబిడ్డని చూసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఇద్దరేసి, ఐదుగురేసి, పదకొండేసి... ముప్పై ఒక్కరి దాకా చూశాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు మిగిలారు. అంతకంటే బారు బంతులు వేస్తే బంతులే ముప్పై ఒకటి దాటవు, ఆ చిన్న లెక్కలన్నీ అప్పటికే చూసేశాడు. ఇక దారి లేదు. ఆకలికి ఏడుస్తూ కొండెక్కాడు.

ఆ తర్వాత లచ్చి బిడ్డ బారసాలకి ఎర్రమ్మ విస్తరి మొదటి బంతిలోనే వేశారు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. పోనీ!

కథేమో కంచి బాట, మనమేమో పక్క బాట. రేపు బడిలో అన్నం బంతి వేసేటప్పుడు తల తిప్పి చూడండి. పక్కకి నిలబడిపోయినవాళ్ళు కనిపిస్తే, చెయ్యి పట్టుకుని తెచ్చి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.