దొరకి తెలియకూడని హత్య

గెడ్డవలసలో పైడయ్య, గవరయ్య, సూరప్పడు అని ముగ్గురన్నదమ్ములు. దేవుడు ఊరందరికీ బుర్ర పంచగా మిగిలిందంతా తమ ఇంటి అరుగు మీద కుమ్మరించి పోయాడని వాళ్ళ నమ్మకం. "మనం ఒకసారి విన్నామంటే అక్షరం తప్పం," అనేవాడు పైడయ్య. అది మాత్రం నిజమే. కొంప మునిగింది కూడా అందుకే.

ఆ ఊళ్ళో జనం రాళ్ళు మోసి కట్టుకున్న నాటకశాల ఒకటుంది. ప్రజాసేవ చేసీ చేసీ పొట్ట పెరిగిన ప్రెసిడెంటు గారి కన్ను దాని మీద పడింది. దాని తాళంచెవి ఒకటి ముందే మొలతాడుకి కట్టుకుని, "ఈసారి నాటకం రక్తి కట్టకపోతే ఇందులో నా ఎరువుల బస్తాలు వేస్తా," అన్నాడు.

అంతే, అన్నదమ్ములు పట్నం నుంచి అరుణాచలం అనే కుర్ర రచయితను పిలిపించారు. అతనొక విషాద నాటకం రాశాడు. చివర్లో పాలేరు దొరను చంపుతాడు.

"హత్య ఎవడైనా చేయిస్తాడు. దాని ముందు క్షణాలే నాటకం!" అన్నాడు అరుణాచలం పిడికిలి బిగించి. "తలుపు వెనక పాలేరు కత్తితో ఉన్నాడని జనానికి తెలియాలి, దొరకి తెలియకూడదు. దొర హాయిగా తాంబూలం వేసుకుంటుంటే జనం గుండెలు దడదడలాడాలి. ఎంత ఆలస్యమైతే అంత ఉత్కంఠ. నాటకమైనా విప్లవమైనా ఇదే సూత్రం!"

నాటకం రోజుకి వస్తానని చెప్పి బస్సెక్కాడు.

ఇంకేముంది, మర్నాడే గవరయ్య డప్పు వేయించాడు. "తలుపు వెనక మా సూరప్పడు కత్తితో ఉంటాడహో! దొరకి చెప్పకండహో!" చెవిటి ముసలమ్మ గంగులమ్మ చెవిలో నోరు పెట్టి అరిచి మరీ చెప్పాడు.

అప్పుడు పైడయ్య భార్య నరసమ్మకి అనుమానం వచ్చింది. "దొర వేషం నీదే కదయ్యా. పాలేరు ఎక్కడున్నాడో నీకు తెలుసు కదా?"

పైడయ్య నోటి దాకా వచ్చిన ముద్ద ఆగిపోయింది. "తెలుసే! మర్చిపోదామన్నా మరుపు రావట్లేదే!"

"అయితే నువ్వు పనికిరావన్నా," అన్నాడు గవరయ్య.

ఊళ్ళో ఇంకెవరికి తెలియదు? పార్టీ మీటింగుకని పట్నం పోయిన ప్రెసిడెంటుకి ఒక్కడికే. నాటకం రోజు సాయంత్రం ఆయన కారు దిగాడో లేదో, పైడయ్య ఎదురెళ్ళి దండం పెట్టాడు.

"బాబూ, తమకి స్టేజి మీదే కుర్చీ వేశాం. తాంబూలం కూడా పెట్టాం."

"మర్యాద తెలిసినోళ్ళురా. నేనేం చెయ్యాలి?"

"ఏమీ తెలియకుండా కూర్చుంటే చాలు."

"అది నాకు అలవాటే."

తెర లేచింది. ప్రెసిడెంటు తాపీగా ఆకులకి సున్నం రాస్తున్నాడు. వెనక తలుపు కిర్రుమంది. సూరప్పడు అట్టకత్తి బయటపెట్టాడు. ఆలస్యం చెయ్యాలి కదా అని లోపలికి లాక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ లాక్కున్నాడు. జనం ఊపిరి బిగబట్టారు.

ముందు వరసలో అరుణాచలం పులకించిపోయాడు. "ఎంత సహజమైన నటన! ఎవరతను?"

గంగులమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. "నాయనా! నీ ఎనకాల కత్తిరా!"

ప్రెసిడెంటు వెనక్కి తిరిగాడు. అంతే! ఒక్క గెంతులో స్టేజి దిగి, పరుగున తన ఇంట్లో దూరి గడియ పెట్టుకున్నాడు. ఊరంతా చాపలు చంకన పెట్టుకుని వెంట వెళ్ళింది.

"చంపకండ్రా! నాటకశాల మీదే! ఇదిగో తాళంచెవి!" కిటికీలోంచి తాళంచెవి వచ్చి పడింది.

"తియ్యండి! ప్రజలు గెలిచారు!" అని కేకవేశాడు అరుణాచలం.

పైడయ్య తాళంచెవి తీశాడు. తిప్పి చూశాడు. తలుపు కిందనుంచి జాగ్రత్తగా లోపలికి తోసేశాడు. "తప్పు కదండీ. ఈయనకి తెలిసిపోయింది. తెలిసిపోయినవాడు మన దొర కాడు. పరాయివాడి సొమ్ము మనకెందుకు?"

అరుణాచలం నెత్తి బాదుకుంటూ బస్టాండు దారి పట్టాడు. అన్నదమ్ములు కొత్త దొర కోసం పక్కూరు పోయారు. అక్కడా డప్పు వినిపించేసిందట.

మర్నాడు పొద్దున్న తిరిగొచ్చేసరికి నాటకశాల నిండా ఎరువుల బస్తాలు. నరసమ్మ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

పైడయ్య ఒక బస్తా దగ్గర వంగాడు. "తలుపు వెనక ఎవరున్నారో తెలుసా?" అనడిగాడు. బస్తా పలకలేదు. పైడయ్య ముఖం వెలిగిపోయింది. గబగబా దానికి పంచె కట్టి, తలపాగా చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఏడవకే పిచ్చిదానా! దొర ఒక్కడు దొరికితే చాలనుకున్నాం. ప్రెసిడెంటు బాబు శాల నిండా పంపించాడు!"