పోలన్న కూర్చున్న సభ

మబ్బుమెట్ట మీద జంతువులకు ఒక సభ ఉండేది. కొండ నడుమ ఉన్న చదును బండ మీద కూడేవాళ్లు. కొత్త బాట ఎటు తియ్యాలి, ఊట దగ్గర ముందు ఎవరు తాగాలి, ఖాళీ అయిన గుహ ఎవరికివ్వాలి, అన్నీ అక్కడే తేలేవి. సభకు పెద్ద ఎలుగుబంటి కొండబాబు. మనసు మంచిదే గానీ, పొద్దెక్కేసరికి కునుకు ముంచుకొచ్చి సగం మాటలు ఆయన చెవిన పడేవి కావు. అందుకని పెత్తనమంతా కార్యదర్శి నక్క గవరయ్యది.

ఆ సభకు ఒక కట్టుబాటు ఉంది. తీర్మానం చదివాక ఒప్పుకున్నవాళ్లు కూర్చోవాలి, ఒప్పుకోనివాళ్లు నిలబడాలి. పెద్ద లేచి సభ ముగించే వేళకు ఒక్కరు నిలబడి ఉన్నా ఆ తీర్మానం చెల్లదు. ఒక్కరి కొంపైనా కూల్చే పని ఊరు చెయ్యకూడదని పాతవాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. ఎంత మంచి పద్ధతో చూడండి! తమ తర్వాత వచ్చేవాళ్లు కూడా తమలాంటివాళ్లే అనుకున్నారు, పాపం.

ఎండాకాలం చివర్లో ఒకనాడు గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలారా! పై వాలులో ఆ వెదురు డొంక ఎందుకు చెప్పండి, దోమలకు తప్ప? దాన్ని నరికి, నేల చదును చేసి, చూపుల బయలు చేద్దాం. చలికాలం వలసొచ్చే కొంగలు అక్కడ దిగి లోయ అందం చూస్తాయి. వచ్చేటప్పుడు చేపలు తెస్తామని నాతో మాటయింది. ఊరి పేరు నాలుగు కొండల అవతల దాకా పోతుంది."

చేపల్లో తన వాటా ఎంతో మాత్రం చెప్పలేదు.

నెమలి ముందుగా కూర్చుంది. చూడ్డానికి నలుగురూ వస్తారంటే దానికి అంతకన్నా ఏం కావాలి! కోతి కూర్చున్నాడు. ఏదుపంది కూర్చున్నాడు. పోలన్న ఒక్కడే నిలబడ్డాడు.

పోలన్న కాడి దించుకుని కొండెక్కిన ముసలి ఎద్దు. కింద వాలులో ఉండేవాళ్ల తరఫున సభకు వచ్చేవాడు.

"ఏమయింది పోలన్నా, కాళ్లు పట్టేశాయా?" అన్నాడు గవరయ్య నవ్వుతూ.

"కాళ్లు బాగానే ఉన్నాయి తమ్ముడూ. ఆ వెదురు వేళ్లే పై మట్టిని పట్టుకుని ఉన్నాయి. అది నరికితే గట్టి వానకు వాలంతా కిందికి జారుతుంది. కింద కుందేళ్ల బొరియలున్నాయి. సింగమ్మ పిల్లలు ఇంకా కళ్లు కూడా తెరవలేదు."

"కుందేళ్ల కోసం ఊరి బాగు ఆపుతావా?"

"కుందేళ్లు ఊరు కాదా మరి?"

ముసలికాళ్లు ఎంతసేపు నిలుస్తాయిలే అనుకున్నాడు గవరయ్య. సభ సాగదీశాడు. కోతి చేత ఉపన్యాసం ఇప్పించాడు, నెమలి చేత పాట పాడించాడు. పోయినేడు బాట వేసిన సంగతంతా మళ్లీ మొదట్నుంచి చదివాడు. ఎండ బండ మీద చురచురలాడుతోంది. పోలన్న మోకాలు సలపరించింది. అయినా కదల్లేదు. సాళ్లలో బతుకంతా నిలబడ్డవాడికి ఒక పూట నిలబడటం ఒక లెక్కా?

చివరికి గవరయ్య గొంతు తగ్గించాడు.

"సభ ముగించే ముందు ఒక్క మాట. మన గంగులు పోయి ఇన్నాళ్లయింది. సభలో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. తప్పు నాదే. గంగులు కోసం అందరం కాసేపు కూర్చుందాం."

మబ్బుమెట్టలో పోయినవాళ్ల పేరు సభలో పలికితే అందరూ నేల మీద కూర్చుని తల దించుతారు. నిలబడి ఉంటే పోయినవాణ్ని కాలదన్నినట్టే.

గంగులు పోలన్నకు జోడెద్దు. ఒకే కాడి కింద, ఒకే దెబ్బలు తిని, ఒకే కుడితి తాగి బతికారు. ముసలితనంలో ఇద్దరూ కలిసే కొండెక్కారు. ఎండలు ముదరకముందే గంగులు కన్ను మూశాడు. ఆనాటి నుంచీ పోలన్న నడిచేటప్పుడు ఎడమ పక్క చోటు వదిలి నడుస్తాడు. ఆ పేరు చెవిన పడేసరికి పోలన్నకు తీర్మానమూ గుర్తులేదు, వెదురూ గుర్తులేదు. గుండె చెరువైంది. ముందుకాళ్లు మడిచి, వెనకకాళ్లు మడిచి, తల దించి కూర్చున్నాడు.

"కొండబాబుగారూ, లేవండి!" అన్నాడు గవరయ్య.

కొండబాబు కునుకులోంచి ఉలిక్కిపడి లేచాడు.

"అందరూ కూర్చునే ఉన్నారు. తీర్మానం నెగ్గింది."

పోలన్నకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తడబడుతూ లేచాడు.

"ఒరే గవరయ్యా, నేను గంగులు కోసం కూర్చున్నానురా!"

"కూర్చోవడం కూర్చోవడమే పోలన్నా. ఎందుకు కూర్చున్నావని కట్టుబాటు అడగదు."

పోలన్న కొండబాబు వైపు చూశాడు. కొండబాబు తల తిప్పుకుని బండ దిగాడు. కోతి, నెమలి ఎటో చూశారు. జరిగింది అన్యాయమని అందరికీ తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు, అదే నాకు ఒళ్లు మండే సంగతి!

ఆ సాయంత్రమే పోలన్న కింద వాలుకు దిగి బొరియ బొరియకూ చెప్పాడు. "బాబాయ్, కళ్లు తెరవని పిల్లలతో ఎక్కడికి పోను?" అని సింగమ్మ ఏడిచింది. "నేనున్నాగా అమ్మా," అన్నాడు పోలన్న. ఆమె ఒక్కొక్క పిల్లనూ నోట కరిచి తెస్తే, తన మెడ కింద వెచ్చగా పెట్టుకుని, అన్నీ చేరేదాకా కాపలా కాశాడు. కుందేళ్లన్నీ వాలుకు దూరంగా ఉన్న రాళ్ల గట్టు వైపు మారిపోయాయి.

వాలు చివర ఒక ముసలి నక్క ఉండేది. పేరు ఎర్నమ్మ. గవరయ్య కన్నతల్లి. పోలన్న ఆమె గుహ దగ్గరా ఆగాడు.

"పెద్దమ్మా, వెదురు నరికేస్తారట. వానలు రాకముందే ఇక్కడి నుంచి లే."

ముసలమ్మ బోసినోటితో నవ్వింది. "మావాడు కార్యదర్శి నాయనా. ఏమీ కాదమ్మా అని వాడే చెప్పాడు. మావాడు ఉండగా నాకు భయమేమిటి? వాడు నాతో అబద్ధమాడడు."

ఎంత బతిమాలినా ఆమె కదల్లేదు.

వెదురు నరికారు. చూపుల బయలు చదును చేశారు. ముసురు పట్టిన మొదటి వారంలోనే, ఒక తెల్లవారుజామున కొండ కడుపులోంచి ఒక మూలుగు వినిపించింది. లేచి చూసేసరికి పై వాలు లేదు. చూపుల బయలు లేదు. కింద కుందేళ్ల బొరియలున్న చోట ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఎర్నమ్మ గుహ వాకిలి ఎక్కడో కూడా తెలియలేదు. గవరయ్య గోళ్లు ఊడి రక్తాలు కారేదాకా తవ్వాడు.

వాన వెలిశాక సభ కూడింది. ఈసారి కుందేళ్లకూ చోటిచ్చారు. గవరయ్య వచ్చాడు. ఒంటి మీద మట్టి ఇంకా అలాగే ఉంది.

"మా అమ్మ పోయింది," అన్నాడు. "ఎర్నమ్మ కోసం... కాసేపు కూర్చోండి."

ఒక్కరూ కూర్చోలేదు.

"ఈసారి ఏ తీర్మానం నెగ్గించాలి గవరయ్యా?" అన్నాడు కోతి.

"ఏమీ లేదు. ఒట్టు. అమ్మ పోయింది."

"గంగులు కోసం కూడా ఇలాంటి గొంతుతోనే అడిగావు," అంది నెమలి.

సింగమ్మ పిల్లల్ని దగ్గరకు లాక్కుని మరింత నిటారుగా నిలబడింది. కొండబాబు నిద్రపోలేదు ఆ రోజు. ఆయనా కూర్చోలేదు. "సభ ముగిసింది," అని దిగి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. గవరయ్య బండ మధ్యలో ఒంటరిగా మిగిలాడు. వాడి ఏడుపు వినడానికి కూడా ఎవరూ ఆగలేదు.

పోలన్న మాత్రం ఆగాడు. సలుపుతున్న మోకాలిని మెల్లగా మడిచి, గవరయ్య పక్కన కూర్చుని తల దించాడు.

గవరయ్య అడిగాడు. "నువ్వు అమ్మకి చెప్పావటగా పోలన్నా, లేచి పొమ్మని. అమ్మ ఏమంది?"

పోలన్న గవరయ్య భుజం మీది మట్టిని మెల్లగా నాకాడు.

"నీ గురించి మంచిగానే చెప్పిందిరా," అన్నాడు.

గవరయ్య అంతా అర్థమైనట్టు నేలకు నుదురు ఆనించాడు. ఆ తర్వాత ఆ బండ మీద వాడెప్పుడూ తీర్మానం చదవలేదు.

నీతి: పక్కవాడి దుఃఖాన్ని ఎరగా వాడుకున్నవాడి కన్నీళ్లను, అవి నిజమైన రోజున కూడా ఊరు నమ్మదు.