నల్లగుండు బావి ఉపాఖ్యానం

పూర్వం త్రేతాయుగంలో, వింధ్యపర్వతానికి దక్షిణంగా, మేఘాలు దారి తప్పితే తప్ప తొంగిచూడని ఎఱ్ఱమిట్టల సీమను, ధర్మవత్సలుడూ శత్రుభీకరుడూ దానశీలుడూ అయిన రుచిసేన మహారాజు మణిప్రస్థ నగరం రాజధానిగా పరిపాలిస్తుండేవాడు. ఆ ప్రభువుకు ఏనుగులకు కొదవ లేదు, రత్నాలకు కొదవ లేదు, కొదవంతా నీటికే. పల్లెల్లోని స్త్రీలు తెల్లవారకముందే కుండలు నెత్తిన పెట్టుకొని కొండలు దాటి పోయి, వాగు ఇసుకలో చెలమలు తోడుకొని, పొద్దెక్కాక మురికినీళ్ళతో తిరిగివచ్చేవారు. ఆ నీళ్ళు తాగి పసిబిడ్డలు కడుపునొప్పితో మెలికలు తిరిగి చనిపోతున్నారని వేగుల ద్వారా విన్న మహారాజు, నిద్రాహారాలు మాని, తన కులగురువూ తపోనిధీ అయిన దర్భకేశ మహర్షి పాదాలపై పడి ఉపాయం వేడుకొన్నాడు.

ఆ మహర్షి విధివిధానంగా వారుణేష్టి జరిపించగా, పాశహస్తుడూ మకరవాహనుడూ పశ్చిమదిక్పాలకుడూ అయిన వరుణదేవుడు హోమగుండం ఎదుట ప్రత్యక్షమై, మేఘగంభీరమైన కంఠంతో ఇలా పలికాడు.

"రాజా, నీ ప్రజల దాహం నా చెవిన పడింది. ఈ సీమలో నీవు ఎక్కడ తవ్వించినా ఊట పుట్టిస్తాను. పుట్టించడం వరకే నా వంతు. దాన్ని నిలుపుకోవడం మనుషుల వంతు."

రుచిసేనుడు ఆనందబాష్పాలు రాలుస్తూ సాష్టాంగపడ్డాడు గాని, ఆ మాటల్లో మొదటి సగాన్ని గుండెతో, రెండో సగాన్ని చెవులతో మాత్రమే విన్నాడు.

అటుపిమ్మట ఆ రాజేంద్రుడు పలుగూ పారా పట్టిన పనివారిని సీమ నలుమూలలకూ పంపి, ఊరూరా బావులు తవ్వించి, చెక్కడపు రాళ్ళతో ఒరలు కట్టించి, ప్రతి గట్టు మీదా తన పేరూ బిరుదులూ చెక్కిన పాలరాతి పలకలు నిలిపించాడు. ప్రజలు చేతులెత్తి మొక్కారు. వందిమాగధులు అతన్ని అపర భగీరథుడని కీర్తించారు.

అలా తిరుగుతూ తిరుగుతూ రాజపరివారం సీమకు చిట్టచివర ఉన్న నల్లగుండు అనే పల్లెకు చేరింది. మేకలు కాచుకొని, రాళ్ళు కొట్టుకొని బతికే నిరుపేదల ఊరు అది. ఊరి తరఫున మాట్లాడటానికి కాటమ అనే విధవరాలు ముందుకు వచ్చింది. ఆమె భర్త మండువేసవిలో నీళ్ళ కోసం పోయి, దారిలోనే సొమ్మసిల్లి ప్రాణం విడిచినవాడు. రాజు దయకు చెయ్యెత్తి దండం పెట్టి ఆమె ఇలా అన్నది.

"మారాజా, బావి ఇస్తానంటివి, శానా సంతోసం. అయితే ఊరికే మాత్రం వద్దు. తవ్వేది మేమే తవ్వుకుంటాం. రాయి పేర్చేది చూపించే మనిసిని ఒక్కణ్ణి ఉంచిపో, సాలు. ఆ పలక కూడా వద్దు సామీ. బావికి నీ పేరు పెడితే, గిలక ఇరిగిన పొద్దు నీ దోవ చూస్తా కూచుంటాం. మా ఊరి పేరే పెట్టుకుంటే మేమే చూసుకుంటాం."

గంజికి లేనివారికి ఇంత అహంకారమా అని మంత్రులు మండిపడ్డారు. మహారాజుకూ మనసు చివుక్కుమన్నది. అయినా ధర్మానికి వెరచి, ఒక కట్టుబడి పనివాణ్ణి అక్కడ విడిచి, వెనుదిరిగి చూడకుండా రథం ఎక్కాడు.

కొన్నేళ్ళు గడిచాయి. రాజుగారి బావుల్లో చేంతాళ్ళు నానీ నానీ తెగాయి, గిలకలు అరిగాయి, ఒరరాళ్ళు జారాయి, గాలికి కొట్టుకువచ్చిన మట్టీ ఆకులూ ఊటలను కప్పేశాయి. రాజుగారి బావి కదా, రాజుగారి మనుషులే వచ్చి బాగుచేస్తారని జనం ఎదురుచూశారు. రాజుగారి మనుషులు ఎక్కడో దూరాన మరికొన్ని కొత్త బావులు తవ్వుతున్నారు.

ఆ అదను కోసమే కాచుకొని ఉన్నాడు శోషాసురుడు. గుటకతో సరస్సులను ఇంకించగల ఆ రాక్షసుడు పూర్వమెన్నడో ఘోరతపస్సు చేసి, దేవతల చేతగాని రాజుల చేతగాని ఆయుధాల చేతగాని చావు లేకుండా, తాను దిగిన నీరంతా తన సొంతమయ్యేలా చతుర్ముఖుణ్ణి వరం కోరాడు. సృష్టికర్త ఆ వరం ఇస్తూనే, ఇది నాది అని నిజంగా చెప్పగల మనిషి ఉన్నచోట నీవు నిలవలేవని ఒక హద్దు విధించాడు. ఊరి ఉమ్మడి నీటిని నాదనే వెర్రివాడు ఎవడుంటాడని నవ్వుకొని రాక్షసుడు ఒప్పుకొన్నాడు. ఇప్పుడు వాడు ఒక్కొక్క పాడుబావిలోకీ దిగి, ఊటలకు నోరు ఆనించి పీల్చివేయసాగాడు. స్త్రీలు మళ్ళీ కుండలెత్తుకొని చెలమలకు నడిచారు. పసివాళ్ళ పాడెలు మళ్ళీ లేచాయి.

ఆ వార్త వినీ వినకముందే రుచిసేనుడు కులగురువును వెంటబెట్టుకొని చతురంగబలాలతో కదిలి, ఒక బావి గట్టున నిలిచి దివ్యాస్త్రాలు సంధించాడు. అవి చీకట్లోకి దిగి చల్లారిపోయాయి. అడుగునుంచి శోషాసురుని గొంతు వినిపించింది.

"ఎవరిదీ కాని ఇంట్లో ఉన్నవాణ్ణి, నన్ను ఎవరి పేరున వెళ్ళమంటావు?"

"ఈ బావి నాది," అన్నాడు మహారాజు.

"నీ పేరు రాతి మీద ఉంది, నిజమే. ఈ నీళ్ళు నీవు చివరిసారి ఎప్పుడు తాగావు, రాజా?"

ఆ బావి నీటిచుక్క రుచిసేనుని నాలుకను ఎన్నడూ తాకలేదు. చేతిలోని ధనుస్సు బరువెక్కి, తలవంచుకొని గట్టు దిగివచ్చిన శిష్యుణ్ణి దగ్గరికి తీసుకొని, దర్భకేశ మహర్షి దివ్యదృష్టితో సీమనంతా పరికించి, నల్లగుండులో ఒక్క ఊట ఇంకా బతికి ఉన్నదనీ, రాక్షసుడు ఇక అటే పోతాడనీ, అది కూడా ఇంకితే ఆ సీమలో మనుషులకు చోటు ఉండదనీ చెప్పాడు. వరుణదేవుడు పలికిన రెండో సగం అప్పుడు మహారాజు గుండెలోకి దిగింది. సైన్యాన్ని అక్కడే విడిచి, గురువుతో కలిసి కాలినడకన బయలుదేరాడు.

వారు చేరేసరికి నల్లగుండులో బావి పూడిక తీస్తున్నారు. పంట చేతికొచ్చిన ప్రతిసారీ ఇంటికొక దోసెడు గింజలు ఉమ్మడి గాదెలో పోసి, వాటితో కొత్త చేంతాడుకూ గిలకకూ ఏర్పాటు చేసుకొని, వేసవి ముదరకముందే ఊరంతా కూడి బావిలోకి దిగడం అక్కడి ఆచారం. బలమున్నవారు అడుగున మట్టి తవ్వుతుంటే, మిగిలినవారు తట్టలు చేతులు మార్చుకొంటూ పైకి అందిస్తున్నారు. జుట్టు నెరిసిన కాటమ గట్టున కూర్చొని గిలకకు ఆముదం రాస్తున్నది. రాజును గుర్తుపట్టి లేచి దండం పెట్టి, దూరం నుంచి వచ్చినవారని ముందు చేద నిండా నీళ్ళు ఇప్పించింది. ఆ నీళ్ళు తాగుతుంటే రుచిసేనుని కళ్ళు చెమర్చాయి.

అంతలో సుడిగాలి రేగింది. తాటిచెట్టంత ఆకారం బావిలోకి దూకి, తవ్వుతున్నవారి కాళ్ళ కింద ఊటను కరచిపట్టుకొన్నది. అడుగున తడి ఆరిపోయి మట్టి పగుళ్ళిచ్చింది. మనుషులు మోకులు పట్టుకొని వేలాడారు. లోపలినుంచి శోషాసురుడు ఈ నీరు ఎవరిదని గర్జించాడు. అలవాటు చొప్పున మహారాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. దర్భకేశ మహర్షి ఆ చేతిని మెల్లగా పట్టుకొని ఆపాడు.

లోపల మోకు పట్టుకొని వేలాడుతున్న వీరడు అనే రాళ్ళు కొట్టేవాడు మొదట బదులిచ్చాడు.

"నాది. నువ్వు ఆనుకున్న రాయి నా బుజం మింద వచ్చినాది."

నాదేనంటూ మరొకతె గట్టు మీదినుంచి తొంగిచూసింది. ఆమె ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలు. చేతిలో తాను పేనిన చేంతాడు ఉంది. చూపులేని ముసలివాడొకడు నాదన్నాడు. మేకలు కాచేవారు, చంకన బిడ్డలున్న తల్లులు, కిందటేడు వరకు ఒకరి గడప ఒకరు తొక్కని రెండు ఇళ్ళవారు, అందరూ నాది నాది అంటూ గట్టు చుట్టూ చేరారు. వారిలో ఒక్కరి గొంతులోనూ అబద్ధం లేదు. ఆ ఒక్కొక్క మాటకూ రాక్షసుడు జానెడేసి కుంచించుకుపోయి, చివరకు ఎండిన తొండంత అయి, గోడ పాకి బయటపడి కాటమ కాళ్ళ దగ్గర వణికాడు.

చంపాలని ఎవరో రాయి ఎత్తారు. కాటమ వద్దన్నది.

"మా నీళ్ళు మాకున్నాయి. వీడి పీనుగతో మాకేం పని. పోనీండి."

శోషాసురుడు పడమటి ఎడారి దిక్కుగా పారిపోయాడు. బావి అడుగున ఊట బుడబుడమని పొంగి, ఆ పొంగులోనుంచి వరుణదేవుడు చల్లని ముత్యాల కాంతితో ఆవిర్భవించాడు. ఆ పేదల పౌరుషానికి మెచ్చి, ఎన్నటికీ పూడనిదీ తరగనిదీ, తాడూ గిలకా అక్కర లేకుండా గట్టు దాకా తానే ఉబికివచ్చేదీ అయిన అక్షయజలాన్ని ప్రసాదిస్తానన్నాడు.

కాటమ ఊరివారితో కాసేపు మాట్లాడి వచ్చింది.

"అట్లాటి నీళ్ళు వద్దు దేవరా. సేసే పని లేకపోతే, ఇది మాదని మా బిడ్డలకి యాడ తెలుస్తాది? మాకు ఉండేది సాలు. కావాలంటే తక్కిన ఊళ్ళకి తావు సూపించు."

జలాధినాథుడు దేవతలనుంచి వరం పుచ్చుకొన్నవారిని ఎందరినో చూశాడు గాని, తమ కష్టాన్ని తమకే ఉంచమన్నవారిని అదే మొదటిసారి చూడటం. పిమ్మట కుడిచెయ్యి ఎత్తి, "ఎక్కడి జనం తమ బావిని తమ చేతులతో కాపాడుకొంటారో, అక్కడి ఊటలో నేను నివసిస్తాను. ఆ గట్టు మీదికి శోషుడు రాలేడు," అని వరమిచ్చి అంతర్ధానమయ్యాడు.

రుచిసేనుడు రాజధానికి వెళ్ళలేదు. ఊరూరా తిరిగి, తన పేరు చెక్కిన పలకలను తానే పెళ్ళగించి, ప్రతిచోటా జనంతో కూర్చొని, బావి ఎవరు చూస్తారు, తాడు ఎవరు తెస్తారు, తగువు వస్తే ఎవరు తీరుస్తారు అని వారినే అడిగి, వారే తేల్చుకొనేదాకా ఓపికగా ఉన్నాడు. అందరి కుండలూ ఒకే గట్టు ఎక్కడానికి ఒప్పుకోని ఊళ్ళో వర్షాకాలమంతా గుడిసె వేసుకొని ఉండిపోయాడు. తట్ట మోసి ఆయన భుజాలు కాయలు కాచాయి. నల్లగుండు స్త్రీలు కొందరు ఆయనతో నడిచి, తాడు పేనడం, పూడిక తీయడం తోటి స్త్రీలకు నేర్పారు. ఒక్కొక్క బావే కన్ను తెరిచింది. బిడ్డలు బతికారు.

వృద్ధాప్యంలో ఒకనాడు ఆ రాజర్షి బాటసారిలా వస్తూ, దాహమై ఒక బావి గట్టు ఎక్కబోయాడు. నీళ్ళు చేదుతున్న ఇల్లాలు ఆయన ఎవరో ఎరగక, మొగమాటం లేకుండా ఆపింది.

"చెప్పులు ఆడ ఇడిసి రా, తాతా. ఇది మా బాయి."

ఏ అశ్వమేధం నాడూ కలగని గర్వంతో ఆ మహారాజు ఛాతీ ఉప్పొంగింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని, గట్టు కింద నిలబడి దోసిలి పట్టాడు.